గ్లాసులో నాయనమ్మ నవ్వు

పాల లెక్క పక్కన పిల్లల మాటలు. పదకొండేళ్ల క్యాలెండర్లలో ఒక తల్లి దాచుకున్న ఇల్లు.

మా వంటింటి తలుపు పక్కన మేకుకు ఒక క్యాలెండర్ వేలాడుతుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం పోగా ఒక్కో గడిలో మిగిలే కాస్త జాగాను మా ఇంట్లో ముగ్గురం పంచుకుంటాం. పాల లెక్క మా అత్తయ్యది, పెన్సిలుతో రాస్తారు. గ్యాస్ బండ వచ్చిన తేదీ మా ఆయన రాస్తారు. వాటి పక్కన నీలం పెన్నుతో ఇరికించి రాసినవి నావి. 2021 ఫిబ్రవరిలో ఒక గడిలో ఇలా ఉంది: ‘పాలు లీటరు. నాయనమ్మ నవ్వు గ్లాసులో నానుతోంది.’

రెండో మాట మా చిన్నాడిది. అప్పటికి వాడికి నాలుగేళ్లు.

మా అత్తయ్యవి కట్టుడు పళ్లు. పెట్టించుకుని అప్పటికి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో పళ్లు లేని ఆవిడ ముఖం నేను ఒక్కసారీ చూడలేదు. అందరం పడుకున్నాక గదిలో లైటు ఆర్పి, అవి తీసి గాజుగ్లాసులో నీళ్లలో వేసి, కిటికీ గట్టు మీద పెట్టేవారు. తెల్లవారుజామున పాలవాడు గేటు తట్టేలోపే మళ్లీ పెట్టేసుకునేవారు. చుట్టాలింటికి వెళ్లినా, పెళ్లిలో పదిమంది మధ్య పడుకున్నా ఆ క్రమం తప్పలేదు.

అంతకుముందు దీపావళికి మా మావయ్యగారు పోయారు. తర్వాత మూడు నెలలు అత్తయ్య అడిగినదానికి జవాబు చెప్పేవారు, పెట్టింది తినేవారు, పాల లెక్క రాసేవారు. అంతకుమించి ఏమీ లేదు. మేమూ ఆవిడ ఎదుట గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. టీవీలో ఎవరైనా గట్టిగా నవ్వితే మా ఆయన గబుక్కున చానల్ మార్చేవారు. ఇంట్లో నవ్వడం తప్పేమో అన్నట్టు ఉండేది.

ఆ రోజు ఆవిడకు ఒళ్లు వెచ్చబడి, తెల్లారినా మెలకువ రాలేదు. నాయనమ్మను లేపడానికి వెళ్లిన చిన్నాడు రెండు చేతులా గ్లాసు పట్టుకుని, నీళ్లు నేలంతా ఒలకబోసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. “అమ్మా, నాయనమ్మ నవ్వు గ్లాసులో నానుతోంది. తీసి ఇచ్చెయ్యనా?” అన్నాడు.

దోసె తిప్పబోతున్న అట్లకాడ నా చేతిలో అలాగే ఉండిపోయింది. మా ఆయన వాడి నోరు మూయించడానికి ఒక అడుగు ముందుకు వేశారు. ఇంతలో గదిలోంచి ఏదో చప్పుడు. దగ్గు అనుకున్నాను. దగ్గు కాదు. అత్తయ్య తలుపు పట్టుకుని గడప దగ్గరికి వచ్చారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు, భుజాలు ఊగిపోతున్నాయి. తర్వాత ఆ కొంగు కూడా జారిపోయింది. నోట్లో ఒక్క పన్ను లేకుండా, కళ్లలో నీళ్లు కారుతుండగా, ఆవిడ నవ్వారు. “ఇటు తేరా తండ్రీ, పెట్టుకుంటాను” అన్నారు.

ఆ పూట నేను గుంటూరు వెళ్లాలి. దోసెపిండి చేత్తోనే పెన్ను తీసి ఆ మాట గడిలో రాసి బయల్దేరాను. అప్పుడు నాకు అది మంచి నవ్వులాటగానే తోచింది. వాడు చేసిన పని నాకు అర్థమయింది మరుసటి ఏడాది జనవరిలో, పాత క్యాలెండర్ దించి చదువుకుంటున్నప్పుడు. పెద్దవాళ్లం మేమంతా ఆవిడ దుఃఖానికి దారి ఇస్తున్నామనుకుంటూ దూరం జరిగాం. వాడు దూరం జరగలేదు. నాయనమ్మ నవ్వడం లేదని వాడు మూడు నెలలుగా చూస్తున్నాడు. పోయిన వస్తువు కిటికీ గట్టు మీద కనిపించింది. దొరికిన వస్తువు సొంతదారుకు ఇచ్చెయ్యాలని వాడికి తెలుసు. అంతే.

నేను ఈ రాతను పట్టుకుని వేలాడటానికి కారణం ఇదే. నవ్వు ఆ నిమిషంలో వచ్చేస్తుంది. అందులో ఉన్నది చేతికి రావడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఆ రెండింటి మధ్యా ఎక్కడో ఒక చోట అది రాసి ఉండాలి.

జాగర్లమూడి స్టేషన్‌లో

మాది తెనాలి. గుంటూరులో ఒక బడిలో లెక్కలు చెబుతాను. రోజూ ఎక్కే ప్యాసింజర్ దారిలో సంగం జాగర్లమూడిలో ఆగుతుంది. చిన్న స్టేషన్. కాంతం కథలు రాసిన మునిమాణిక్యం నరసింహారావు గారు 1898లో పుట్టిన ఊరు అది. ఆయన కూడా పంతులుగారే. మధ్యతరగతి ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య రోజూ నడిచే మాటలు, అలకలు, పిల్లల అల్లరి కథలకు సరిపోయే సరుకని తెలుగువాళ్లకు చూపించిన మనిషి. ఆ కథలు మా అమ్మ చదివింది, నేనూ చదివాను, ఇప్పుడు మా పెద్దమ్మాయి చదువుతోంది. అయినా బండి ఆ స్టేషన్‌లో ఆగిన రెండు నిమిషాల్లో నాకు తరచూ వచ్చే ఆలోచన వేరు. ఆ ఇంట్లో కాంతం చేతికి ఒక పెన్సిలు, గోడ మీద ఒక క్యాలెండర్ ఉండి ఉంటే ఆవిడ ఏం రాసేది? కథలన్నీ భర్త గొంతులో ఉన్నాయి. అవతలి గొంతు కూడా వినాలని నాకు నిజంగా ఆశ.

తర్వాత ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు వచ్చాడు, బాపు గారి బొమ్మలతో. అక్కడ మాట్లాడేది పిల్లవాడు. ఇంటి నవ్వును ఆడగొంతుతో, నిండుగా వినిపించినది భానుమతీ రామకృష్ణ గారి అత్తగారి కథలు. నటి, గాయని, 1953లో చండీరాణిని మూడు భాషల్లో తీసిన దర్శకురాలు. కొడుకు పేరు మీద భరణీ పిక్చర్స్ నడిపిన తల్లి. అంత పనిలో ఉండి ఆవిడ కూర్చుని రాసినది అత్తగారి మడి గురించి, ఆవకాయ గురించి. ఆ కథల్లో కోడలు అత్తగారిని చూసి నవ్వుతుంది, ఆ నవ్వుతో పాటే ఆవిడ మీద ఇష్టమూ పెరుగుతుంది. మా అత్తయ్యకు మధ్యాహ్నాలు చదివి వినిపించాను. “ఈవిడ అచ్చం మా పెద్దాడబిడ్డే” అన్నారు. తను అనలేదు.

పిల్లల మాటలు రాసిపెట్టుకోవడం మన దగ్గరే ఉన్న ముచ్చట కాదు. చార్లెస్ డార్విన్ 1839 చివర్లో పుట్టిన తన పెద్దకొడుకు చేష్టలన్నీ నోటుపుస్తకంలో రాసుకుని, 1877లో వాటిని వ్యాసంగా వేశాడు. నలభై అయిదో రోజున బిడ్డ నవ్వాడని, నూటపదో రోజున ముఖం మీద గుడ్డ కప్పి గభాల్న తీస్తే పొంగిపోయాడని అందులో ఉంది. మనం కొంగు కప్పి తీసి ‘బూచి’ అంటామే, అదే ఆట. పరిణామ సిద్ధాంతం రాసిన చెయ్యి దీన్ని కూడా రాయదగ్గ సంగతి అనుకుంది. ఆ నోటుపుస్తకంలో కొన్నిచోట్ల ఆయన భార్య ఎమ్మా చేతిరాత కూడా ఉంది. రష్యాలో కొర్నేయ్ చుకోవ్‌స్కీ అయితే చిన్నపిల్లల మాటల మీద ఏకంగా పుస్తకమే వేశాడు. రెండేళ్ల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు భాషను ఎలా సొంతం చేసుకుంటారో చెప్పే పుస్తకం. దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు రాసి పంపిన ఉత్తరాలు దానికి ఆధారం. వంటిళ్లలో చెవులు పెట్టి విన్న ఆడవాళ్లు లేకపోతే ఆ పుస్తకం లేదు.

పిల్లి వచ్చారు

చిన్నాడికి మాటలు వచ్చేటప్పుడు పగలంతా వాడి చుట్టూ ఉన్నది నాయనమ్మ, అక్క, పనిమనిషి, సాయంత్రం నేను. అందుకని వాడు “నాన్న వచ్చింది” అనేవాడు. అందరం నవ్వి “వచ్చాడు అనాలి నాన్నా” అని దిద్దేవాళ్లం. దిద్దుకున్నాడు. అయిదో ఏట ఒకరోజు అన్నం తింటూ అడిగాడు: “అమ్మ వచ్చింది. బస్సు వచ్చింది. పిల్లి వచ్చింది. నాన్నకే ఎందుకు వేరే?”

పదిహేనేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడుతున్నాను. ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. మర్నాడు బడిలో తెలుగు మాస్టారిని అడిగాను. ఆయన ఎంతో సంతోషపడి, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం దగ్గర మొదలుపెట్టారు. మగవాళ్లను చెప్పే మాటలు మహత్తులు. మిగిలినవన్నీ అమహత్తులు. ఆడవాళ్లు ఒక్కరుగా ఉంటే అమహత్తుల్లో, అంటే పిల్లితోనూ బస్సుతోనూ ఉంటారు. నలుగురైతే మగవాళ్ల వరసలోకి వస్తారు. అందుకే అమ్మ వచ్చింది, అమ్మలు వచ్చారు. తమిళంలోనూ కన్నడంలోనూ అమ్మకు విడిగా ఒక క్రియ ఉంది, మనకు లేదు. ఆ సాయంత్రం బండిలో కూర్చుని దాని గురించే ఆలోచిస్తూ వచ్చాను. నా పేరు పక్కన ఇన్నేళ్లుగా ఉన్న క్రియను మొదటిసారి గమనించింది నా కొడుకు.

వాడికి అంత వ్యాకరణం ఎలా చెప్పాలో నాకు తోచలేదు. అత్తయ్య తేల్చేశారు. “మీ నాన్న రోజూ ఆలస్యంగా వస్తాడు కదా, అందుకని ఆయనకు వేరే” అన్నారు. మా ఆయన కూడా పళ్లెం ముందు కూర్చునే ఉన్నారు. అన్నం గొంతుకు అడ్డం పడేంత నవ్వారు. తర్వాత వాడిని దగ్గరకు తీసుకుని, “గౌరవంగా అంటే అందరికీ ఒకటేరా. నాయనమ్మ వచ్చారు, మావయ్య వచ్చారు, టీచరు వచ్చారు” అని చెప్పారు.

వాడికి ఇది బాగా నచ్చింది. తేడా పోవడానికి దారి దొరికింది కదా. ఆ వారమంతా మా ఇంట్లో అందరూ ‘వచ్చారు’. పాలవాడు వచ్చారు. కరెంటు వచ్చారు. పెరటిగోడ దూకి పిల్లి వచ్చారు. ఆగస్టులో వరుసగా ఆరు గడుల్లో వాడి మాటలు ఉన్నాయి. చివరిది: ‘వాన వచ్చారు, బట్టలు తియ్యండి.’

ఇది మూడేళ్ల కిందటి సంగతి. మా ఇంట్లో పిల్లి ఇప్పటికీ ‘వచ్చారు’. మరో మార్పు కూడా జరిగింది, ఎవరూ అనుకుని చేసింది కాదు. మా పనిమనిషి గురించి పిల్లలతో చెప్పేటప్పుడు మేము ‘అది వచ్చింది’ అనడం ఆగిపోయింది. పిల్లికి ‘వచ్చారు’ అన్న నోటితో ఆవిడను అలా అనడానికి నోరు రాలేదు.

నల్ల సిరా గడి

అన్ని గడులూ ఇంత సుఖంగా లేవు. ఒక పాత క్యాలెండర్‌లో ఒక గడి నిండా నల్ల సిరా పులిమి ఉంది. దాని గురించి చెప్పాలంటే డెబ్భై ఆరు దగ్గర మొదలుపెట్టాలి.

పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి ఒంటరిగా వీధి చివర కొట్టుకు పంపాను. ముప్పావు కిలో కందిపప్పు తెమ్మన్నాను. తిరిగి రావడానికి అరగంట పట్టింది. “అమ్మా, ముప్పావు అంటే ముప్పై పావులు కదా, అంత మొయ్యలేనని పావు తెచ్చాను. వంద ఇస్తే కొట్టాయన చిల్లర ఏదో ఆరు అన్నాడు. ఎంతో తెలియక ఆయన ఇచ్చింది తెచ్చాను” అంది. మాకు నవ్వు ఆగలేదు. ఆ ఆదివారం మా అన్నయ్యవాళ్లు వస్తే నేనే ఆ సంగతి అభినయించి చెప్పాను. ఇల్లంతా పడి పడి నవ్వింది. అది కూడా నవ్వింది.

రాత్రి దాని పక్క తడిగా ఉంది. “నాకు డెబ్భై ఆరు అంటే ఎంతో తెలియదు. క్లాసులో ఎవరికీ తెలియదు. నువ్వు మాత్రం నన్నే అందరికీ చూపించావు” అంది.

దాని తప్పేమీ లేదు. ఇంగ్లీషు మీడియంలో వేసింది మేము. లెక్కలు చెప్పే తల్లిని నేను. అంకెలన్నీ దానితో ఇంగ్లీషులోనే మాట్లాడి, తెలుగు అంకెలు వాటంతట అవే వస్తాయని ఊరుకున్నదీ నేనే. నవ్వు దాని మాట మీద రాలేదు, దాని మీద వచ్చింది. ఈ రెండింటికీ తేడా ఉందని ఆ రాత్రే తెలిసింది. బాధపడుతూనే తెలుసుకున్నాను. దానిది కాని తప్పుకు, దాని చిన్నతనాన్ని పదిమందిలో పెట్టాను.

మర్నాటి నుంచి అంకెలు నేర్పడం అత్తయ్య తీసుకున్నారు. చింతగింజలు తెచ్చి పోశారు. అష్టాచెమ్మా ఆడుతూ అరవై, డెబ్భై, ఎనభై పలికించారు. అటక మీది పాత కొలతలు దించి కడిగారు. నాలుగు గిద్దలు పోస్తే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. ఆ పిల్ల బియ్యంతో కొలిచి, ఒక్కోదాన్నీ సరిచూసుకుంది. సోలలో మూడు గిద్దలు పోసి “ఇదా ముప్పావు!” అని తలెత్తినప్పటి ముఖం నాకు గుర్తుంది. మూడు పావులు కలిస్తే ముప్పావు. నేను బోర్డు మీద భిన్నాలు చెప్పి ఇంత వెలుగు ఏ ముఖంలోనూ తేలేదు. ఇప్పుడు మా బడిలో ఆరో తరగతికి భిన్నాలు మొదలుపెట్టేటప్పుడు ఆ గిద్దా సోలా సంచిలో వేసుకుని వెళతాను.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. గడిలో రాసింది ఎవరి మాటో వాళ్లను అడగకుండా బయట చెప్పను. ఇష్టం లేని గడి కొట్టేసుకునే హక్కు వాళ్లది. పెద్దమ్మాయి పదకొండో ఏట పాత క్యాలెండర్లన్నీ ముందేసుకుని చదివి, ఒక గడి మాత్రం నల్ల సిరాతో పులిమేసింది. అక్కడ ఏముందో నాకు తెలుసు. ఇక్కడ రాయను. డెబ్భై ఆరు సంగతి రాయడానికి ఒప్పుకుంది, ‘ఏడ్చానని కూడా రాయి’ అన్న షరతు మీద.

ఈ రోజుల్లో పిల్లల ముద్దుమాటలు ఫోనులో తీసి ఊరందరికీ పంపుతున్నాం. ముచ్చట తీరక పంపుతామని నాకు తెలుసు, నేనూ తల్లినే. కానీ పంపేముందు ఒక్క క్షణం ఆ పిల్లను పదిహేనేళ్ల మనిషిగా ఊహించుకుని, ‘పంపనా’ అని అడిగి చూడాలి. నాలుగు గోడల మధ్య పుట్టిన నవ్వుకు ఆ నాలుగు గోడలు కూడా కావాలి.

క్యారేజీలో పిండి

ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్లిన రోజుల్లో పిల్లల క్యారేజీలు మా ఆయన కట్టేవారు. ఒకరోజు ఫ్రిజ్‌లో గిన్నె మారిపోయి, చిన్నాడి డబ్బాలో పెరుగన్నానికి బదులు ఇడ్లీపిండి వెళ్లింది. మధ్యాహ్నం ఆ సంగతి తెలిసి నేను ఫోనులో ఆయనను గట్టిగానే కేకలేశాను. బిడ్డ ఆకలితో ఉన్నాడని నా కడుపు కాలిపోయింది. సాయంత్రం వాడు గెంతుకుంటూ వచ్చాడు. డబ్బా తెరిచి పిండి చూపిస్తే ఏడుగురు పిల్లలు తలో ముద్ద పెట్టారట. నిమ్మకాయ పులిహోర, గోంగూర, కోడిగుడ్డు పొరటు, ఎవరిదో సేమ్యా ఉప్మా, అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. “నాన్నా, రేపు కూడా పిండే పెట్టు” అన్నాడు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఏమీ అనలేదు, నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. పగలంతా నేను తల్లడిల్లిన ఆకలి అసలు లేనే లేదు. నా బిడ్డ కడుపు చూసే చేతులు నావి కాకుండా ఇంకా ఉన్నాయని నాకు తెలియడం లేదు, అంతే. వాళ్ల తల్లులెవరో నాకు తెలియదు. ఆ నెలలో ఒక శనివారం పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపి పంపాను.

మొన్న జనవరిలో కొత్త క్యాలెండర్ తగిలించి, పాతది ఎప్పటిలాగే మంచం మీద పరుచుకున్నాను. పిల్లలిద్దరూ చెరో పక్క చేరారు. సెప్టెంబరు దాకా వచ్చాక పెద్దమ్మాయి ఒక గడి మీద వేలు పెట్టి, “అమ్మా, ఇది నీ రాత కాదు” అంది.

నీలం పెన్ను కాదు, పెన్సిలు. పాల లెక్క రాసే వణుకు చేతి అక్షరాలు. ‘కోడలు రైలు దిగి వచ్చి నవ్వింది’ అని ఉంది.

ఇన్నేళ్లలో ఆ గడుల్లో నా గురించి ఇంకొకరు రాసిన మాట అదొక్కటే. ఆ రోజు ఎందుకు నవ్వానో ఎంత తలచుకున్నా నాకు గుర్తు రాలేదు. అత్తయ్యను అడిగాను. కళ్లజోడు పెట్టుకుని, గడిని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశారు. “ఎందుకో రాసుకోలేదమ్మాయ్. నవ్వావు, అందుకని రాశాను” అన్నారు. దాని కిందనే, ఎప్పటిలాగే, పాలు లీటరున్నర అని ఉంది.